అన్నీ పద్దెనిమిదులే

దేవరకొండ సర్కారు దవాఖానలో
ఆడవాళ్ల వార్డుకు రెండు గడియారాలు.
గోడ మీదిది ఆగి ఎన్నాళ్లయిందో ఎవరికీ యాది లేదు.
రెండోది నా చేతికున్నది, సెకన్ల ముల్లుది,
నర్సింగులో చేరిన నాడు మా నాయిన
బస్టాండు ముందు బేరమాడి కొన్నది.

చార్టులో ఊపిరి గడి నిండా పద్దెనిమిదులే.
మొన్న పద్దెనిమిది, నిన్న పద్దెనిమిది,
దమ్ముతో రాత్రంతా కూసొనే ఉన్న
తొమ్మిదో మంచానికి కూడా పద్దెనిమిదే.
ఎస్తేరు సిస్టర్ అద్దాలు నుదుటి మీదికి నెట్టి
"వార్డంత ఒక్క ముక్కుతోనే పీలుస్తదా పిల్లా?" అన్నది.
తల వంచుకున్నాను.
ఆ పద్దెనిమిదుల్లో నా చేతిరాతవి కూడా ఉన్నాయి.

ఆ రాత్రే మర్రిగూడ దిక్కు నుంచి బుచ్చమ్మ వచ్చింది.
ఆటోలోంచి దించిన మనిషి
ఆటోలో కూర్చున్న తీరుగానే మంచం మీదికొచ్చింది.
మోకాళ్లు చాపరావు. మెడ తిరగదు,
పిలిస్తే మనిషంతా తిరగాలి.
మా దిక్కు నీళ్లు తాగిన ఎముకలకు
పేరు ఎవరూ అడగరు.

చంక మూసుకోక థర్మామీటరు జారుతుంటే
అది పలికేదాకా పట్టుకొని నిలబడ్డాను.
నూట ఒకటి మీద నాలుగు.
కొడవలి లెక్క వంగి ఆగిన మోచేతికి
బీపీ పట్టీ ఎట్లా చుట్టాలో పుస్తకంలో బొమ్మ లేదు.
మడతలో వేలు పెట్టి నాడి దొరికేదాకా తడిమాను.
పాదరసం దిగుతున్నది.
ఆమె కొడుకు జంగయ్య, బోరు లారీ మీద కూలి,
ఊపిరి బిగబట్టి గాజు గొట్టం చూస్తున్నాడు.
"ఎన్ని ఫీట్లకు తాకింది మేడం?"
నూట నలభై అన్నాను.
"గంత పైన్నేనా! మాకు ఆరు నూర్లకు గూడ
తడి తగుల్తలేదు."

ఇంక ఊపిరి.
చెప్పి లెక్కపెట్టకూడదు దాన్ని.
చెప్పగానే ఎవరి ఊపిరైనా
ఫొటో దిగే పిల్లాడి లెక్క బిగుసుకుంటుంది.
అందుకే నాడి చూసినంక చెయ్యి వదలకుండా,
నాడే చూస్తున్నట్టు నటిస్తూ,
చూపు మాత్రం రొమ్ము మీదికి జరపాలి.
జరిపాను.
కొంగు కదలలేదు.
పది సెకన్లు. పదిహేను.
నా వేళ్ల కింద నాడి ఉరుకుతూనే ఉన్నది,
ఎదురుగా రొమ్ము బోర్లించిన గంప తీరు.
ఆగింది నా ఊపిరి.

సిస్టర్ ఏమీ అనకుండా వచ్చి
దుప్పటి జానెడు కిందికి లాగింది.
అక్కడ, పొట్ట మీద,
చిన్నగా, తొందరతొందరగా, లేస్తూ పడుతూ.
పక్కటెముకలు గడ్డకట్టి తోవ ఇయ్యకపోతే
ఊపిరి కిందికి దిగి
తనకు చాలినంత జాగా తవ్వుకున్నది.

అర నిమిషం చూసి రెట్టింపు చేయబోతే
గడియారం మీద సిస్టర్ చెయ్యి అడ్డం పడింది.
"పూర నిమిషం. ఆమెకు రెండో సగం ఉన్నదో లేదో
నీకెట్ల తెలుసు?"

పంతొమ్మిది దగ్గరుండగా బుచ్చమ్మ కండ్లు తెరిచింది.
"నా కడుపు దిక్కు చూస్తున్నవు గదా బిడ్డా,
నేను బువ్వ తినే వచ్చిన. నువ్వు తిన్నవా?"
మాటతో లెక్క చెడింది.
తిన్నానన్నాను. అబద్ధం.
నాడి చూస్తున్నానన్నాను. అదీ అబద్ధమే.
మళ్లీ ఒకటి నుంచి.

ముప్పై నాలుగు.

సిస్టర్ డాక్టరుకు ఫోను చేస్తుంటే
జంగయ్య ఆక్సిజన్ సిలిండరు దొర్లించుకొచ్చాడు
కేసింగు పైపు మోసినంత అలవాటుగా.
గడిలో నేను రాసిన ముప్పై నాలుగు
ఎడం పక్క మంచాల పద్దెనిమిదుల ముందు
బడికి కొత్తగా వచ్చిన పిల్ల లెక్క నిలబడ్డది.

తెల్లారడానికి ఇంకా రెండు గంటలున్నది.
తొమ్మిదో మంచం దగ్గరికి పోయి
ఏం చెప్పకుండా
ఆమె మణికట్టు పట్టుకున్నాను.